కళాశాల ఇంగ్లీషు: తెలుగింటి విద్యార్థికి ఒక పాఠం

డిగ్రీ మొదటి సంవత్సరం చరిత్ర ప్రశ్నపత్రంలో ‘అకౌంట్ ఫర్ ద డిక్లైన్ ఆఫ్ ద విజయనగర ఎంపైర్’ అన్న ప్రశ్న వచ్చిందనుకోండి. రాయడానికి కూర్చున్న అమ్మాయికి విజయనగరం సంగతి బాగా తెలుసు. 1565లో తళ్ళికోట యుద్ధం జరిగిందని తెలుసు, రామరాయలు శత్రువులకు చిక్కాడని తెలుసు, హంపీ ఎలా పాడుబడిందో తెలుసు. అయితే ఆమె ఎరిగిన అకౌంట్ బ్యాంకులో ఉంటుంది. ఆ మాటకు వృత్తాంతమన్న అర్థం కూడా ఉన్నదని ఎక్కడో విన్న గుర్తు. కనుక యుద్ధ వృత్తాంతంతో నాలుగు పుటలు నింపి వస్తుంది. ప్రశ్న అడిగినది వృత్తాంతం కాదు. ‘అకౌంట్ ఫర్’ అంటే కారణాలు చూపి వివరించమని అర్థం. సామంతుల తిరుగుబాట్లు, సుల్తానుల ఐక్యత, వారసత్వ కలహాలు అన్నీ ఆమెకు నోటికి వచ్చినవే. కాగితం మీదికి మాత్రం రాలేదు.

మార్కులు తగ్గుతాయి. చరిత్ర ఆమెకు పట్టుబడలేదని అధ్యాపకుడు అనుకుంటాడు. చదువు అబ్బలేదని ఇంట్లో అనుకుంటారు. రెండు మూడు పత్రాలు ఇలాగే పోతే ఆమె కూడా అదే నమ్మి, బెంగళూరు రైలెక్కి ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతుంది. ఇక్కడ జరిగినది ఒక తప్పుడు నిర్ధారణ. విషయం రాకపోవడం వేరు, విషయాన్ని అడిగిన భాష రాకపోవడం వేరు. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగితే రెండవదానికి మందు ఉంది.

పని ఇంగ్లీషు, చదువు ఇంగ్లీషు

కోలారు బంగారు గనుల ప్రాంతానికి ఇంగ్లీషు కొత్త కాదు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇక్కడి గనుల నిర్వహణ చేపట్టిన నాటి నుంచి ఆ భాష ఈ నేల మీద తిరుగుతూనే ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన అధికారులు, కార్న్‌వాల్ గని నిపుణులు, ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు, వారి బంగళాలు, క్లబ్బులు చూసి ఈ ఊరిని ‘లిటిల్ ఇంగ్లండ్’ అన్నారు. ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వచ్చిన తమిళులు, చిత్తూరు వైపు నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ వచ్చిన తెలుగువారు, కన్నడిగులు ఆ ఇంగ్లీషును చెవితోనే నేర్చుకున్నారు. షాఫ్టు, కేజి, షిఫ్టు, లైను, టింబరు వంటి మాటలు అక్షరం ముక్క రాని మనిషి నోట కూడా ఇంటి మాటల్లా పలికేవి. సైనైడ్ దిబ్బ అనడానికి నేటికీ ఇక్కడ ఎవరూ మరో మాట వెతుక్కోరు.

ఆ ఇంగ్లీషు తక్కువదేమీ కాదు. పాతాళంలో ప్రాణం కాపాడుకోవడానికి అది చాలింది. కాని అది ఆజ్ఞల భాష. దించు, ఆపు, జరుగు, జాగ్రత్త. ఎదుట వస్తువు ఉంటుంది, చెప్పేవాడి చేయి చూపుతూ ఉంటుంది. సగం అర్థం పరిసరాల నుంచే అందుతుంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మారికుప్పం నుంచి బంగారపేట మీదుగా రోజూ బెంగళూరు వెళ్ళి వచ్చే తరం కూడా ఎక్కువగా నేర్చినది ఇటువంటిదే. దుకాణంలో, గిడ్డంగిలో, ఫోను మీద, భద్రతా సిబ్బంది గది దగ్గర నడిచే ఇంగ్లీషు. అందులో తడబాటు లేని యువకుడు కళాశాల పాఠ్యపుస్తకం తెరిచినప్పుడు మొదటి పుటలోనే తడబడితే ఇంట్లోవారికి ఆశ్చర్యం కలుగుతుంది. ఫోనులో అంత చక్కగా మాట్లాడతాడు కదా, ఇదేమిటి అని.

ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదని కెనడాలో పనిచేసిన భాషావిద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే వివరించాడు. సంభాషణలో పనికివచ్చే భాషా సామర్థ్యం ఒకటి, చదువులో తర్కించడానికి కావలసిన సామర్థ్యం మరొకటి అని ఆయన విడదీశాడు. ఆ దేశానికి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు సుమారు రెండేళ్ళలో తోటివారితో ధారాళంగా మాట్లాడగలిగినా, చదువు భాషలో వారిని అందుకోవడానికి ఐదు నుంచి ఏడు సంవత్సరాలు పట్టిందని ఆయన పరిశీలన. మాటలో చురుకుదనం చూసి ఉపాధ్యాయులు భాష వచ్చేసిందనుకునేవారు. పాఠంలో వెనుకబాటు చూసి బుద్ధి చాలదనుకునేవారు. కేజీఎఫ్‌లో ఇంట తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, కళాశాలలో ఇంగ్లీషు ఎదుర్కొనే విద్యార్థికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. నాలుగు భాషలు సంబాళించే తలకు బుద్ధి చాలదనడం హాస్యాస్పదం.

‘ఇంటర్మీడియట్’ అన్న పేరుతో ఒక చిక్కు

ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలకు ఇంటర్మీడియట్ అంటే పదవ తరగతి తరువాత రెండేళ్ళ చదువు. కర్ణాటకలో దానినే పీయూసీ అంటారు. ఇంగ్లీషు బోధన పుస్తకాల మీద కనిపించే ‘ఇంటర్మీడియట్’ అది కాదు. అది భాష వచ్చిన మట్టాన్ని సూచించే మాట, అనగా మధ్యస్థాయి. ఐరోపా మండలి 2001లో ప్రకటించిన కొలమానంలో ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు ఉన్నాయి. నడిమి రెండైన బీ1, బీ2లను మధ్యస్థాయిగా పరిగణిస్తారు. తెలిసిన సంగతుల మీద తన మాటల్లో నాలుగు వాక్యాలు కూర్చగలవాడు బీ1 మెట్టు మీద ఉన్నట్టు. కొంత జటిలమైన వ్యాసం చదివి, అందులోని ప్రధానాంశాలను పట్టుకొని, దాని మీద తన అభిప్రాయాన్ని కారణాలతో చెప్పగలవాడు బీ2 మీద ఉన్నట్టు. పీయూసీ ఉత్తీర్ణులైన చాలామంది మొదటి మెట్టు మీద నిలబడి ఉండగా, డిగ్రీ పాఠం రెండవ మెట్టు మీది నుంచి మాట్లాడుతుంది. ఆ ఒక్క మెట్టు ఎక్కడమే మధ్యస్థాయి విద్యాసంబంధ ఇంగ్లీషు అభ్యాసం. మళ్ళీ మొదటి నుంచి క్రియారూపాల పట్టికలు వల్లెవేయడం కాదు.

ఈ మెట్టు ఎక్కినవారు ఈ జిల్లాకు కొత్త కాదు. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా కావడానికి ముందు కోలారు జిల్లాలో భాగంగా ఉన్న ముద్దేనహళ్ళిలో తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదువుతూ పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు గడుపుకున్నారు. తరువాతి కాలంలో ఆర్థిక ప్రణాళిక మీద ఇంగ్లీషులోనే గ్రంథాలు రాశారు. మాలూరు ప్రాంతపు మాస్తి వెంకటేశ అయ్యంగారి ఇంటి భాష తమిళం, పట్టా ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ., రచన కన్నడంలో. ముళబాగిలులో పుట్టిన డి.వి. గుండప్ప మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు. అయినా ఇంగ్లీషు పత్రిక నడిపారు. ముగ్గురూ ఇంటి భాషను వదలి ఇంగ్లీషు నేర్చినవారు కారు.

మాటల మూట ఎంత?

నిఘంటువును చూసి భయపడే విద్యార్థికి ఒక లెక్క ఊరటనిస్తుంది. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన సాధారణ పదపట్టికలో సుమారు రెండు వేల మాటలు ఉన్నాయి. పీయూసీ దాటినవారికి అందులో అధికభాగం తెలిసే ఉంటుంది. న్యూజీలాండ్‌కు చెందిన ఎవ్రిల్ కాక్స్‌హెడ్ 2000లో దాని పైన మరొక పట్టిక తయారుచేసింది. కళలు, వాణిజ్యం, న్యాయం, విజ్ఞానం అన్న నాలుగు రంగాల గ్రంథాల నుంచి ముప్ఫై ఐదు లక్షల పదాల పాఠాన్ని పోగుచేసి, అన్నింటిలోనూ పదేపదే వచ్చే మాటలను ఏరింది. అవి 570 పదకుటుంబాలు. విద్యాగ్రంథాల్లోని పదాల్లో సుమారు పదవ వంతు ఇవే. ఎనలైజ్, అజ్యూమ్, ఫ్యాక్టర్, సిగ్నిఫికెంట్, అప్రోచ్ వంటివి. రోజుకు ఐదు చొప్పున నేర్చితే 114 రోజులు, అంటే నాలుగు నెలలు నిండకముందే పట్టిక పూర్తవుతుంది. ఒక సెమిస్టరుకు సరిపోయిన పని.

ఈ మాటలకు తెలుగు అర్థం రాసుకోవడం మంచిదే. విశ్లేషణ, అంశం, దృక్పథం, ప్రమేయం వంటి మాటలు తెలిసిన విద్యార్థికి ఇంగ్లీషు మాట కొత్త చొక్కా మాత్రమే. లోపలి మనిషి పాతవాడే. బడిలో కన్నడం చదివి తెలుగు లిపి రానివారు కన్నడంలో రాసుకున్నా ఫలితం ఒకటే, ఎందుకంటే రెండు భాషల శాస్త్రపదాలూ చాలావరకు సంస్కృతం నుంచే వచ్చాయి. ఒక్క జాగ్రత్త అవసరం. కన్నడంలో ‘పరిణామ’ అంటే ప్రభావం, ఫలితం; తెలుగులో ‘పరిణామం’ అంటే ఎక్కువగా క్రమంగా వచ్చిన మార్పు. ‘ఎఫెక్ట్’ పక్కన ఏ భాషలో రాసుకుంటున్నామో తెలియకుండా పరిణామమని రాసుకుంటే తరువాత తికమక తప్పదు.

మాటల కంటే ముఖ్యమైనది వాటి రూపాంతరం. సంభాషణలో క్రియ రాజు. పాఠ్యపుస్తకంలో నామవాచకం రాజు. ‘దే క్లోజ్డ్ ద మైన్ బికాజ్ ఇట్ కాస్ట్ టూ మచ్ టు డిగ్’ అని నోటితో అంటారు. అదే పుస్తకంలో ‘ద క్లోజర్ ఆఫ్ ద మైన్ వాజ్ డ్యూ టు ద రైజింగ్ కాస్ట్ ఆఫ్ ఎక్స్‌ట్రాక్షన్’ అయి కూర్చుంటుంది. విద్యార్థికి గుండె జారేది ఇటువంటి వాక్యం దగ్గరే. అయితే తెలుగు దినపత్రిక సంపాదకీయం చదివినవారికి ఈ విద్య తెలియనిది కాదు. ‘ఖర్చు ఎక్కువై గని మూసేశారు’ అని ఇంట్లో అనుకునే మాట పత్రికలో ‘తవ్వకపు వ్యయంలో పెరుగుదల గని మూసివేతకు దారితీసింది’ అవుతుంది. మూసివేయడం మూసివేత అయినట్టే క్లోజ్ క్లోజర్ అయింది. తవ్వడం తవ్వకం అయినట్టే ఎక్స్‌ట్రాక్ట్ ఎక్స్‌ట్రాక్షన్ అయింది. పెరగడం పెరుగుదల, తగ్గడం తగ్గుదల అయినట్టే గ్రో గ్రోత్, రిడ్యూస్ రిడక్షన్. కష్టమైన ఇంగ్లీషు వాక్యం ఎదురైనప్పుడు దానిలోని బరువైన నామాలను మళ్ళీ క్రియలుగా విప్పి, ఎవరు ఏమి చేశారు అని తెలుగులో అడిగి చూడాలి. ముడి ఊడుతుంది. రాసేటప్పుడు అదే పనిని తిరగేసి చేయాలి.

వాక్యం ఎటు నుంచి ఎటు నడుస్తుంది

తెలుగు వాక్యం చివరి దాకా క్రియను దాచుకుంటుంది. వినేవాడు ఓపికతో ఆగుతాడు. ఇంగ్లీషు వాక్యం కర్త వెంటనే క్రియను బయటపెట్టి, తక్కిన సరంజామా అంతా వెనుక తగిలిస్తుంది. విశేషణవాక్యం దగ్గర ఈ తేడా మరీ స్పష్టం. కేజీఎఫ్ చరిత్రలోని ఒక ఘట్టాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇక్కడి గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున టాటా మౌలిక పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా నగర విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయం కలిసి చేసిన ప్రయోగంలో 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ దొరికింది. ‘గనిలో న్యూట్రినోల జాడను గుర్తించిన శాస్త్రవేత్తలు’ అని తెలుగు అంటుంది. శాస్త్రవేత్తలు చివర వస్తారు. ఇంగ్లీషులో ‘సైంటిస్ట్స్’ ముందు వచ్చి, ‘హూ’ అన్న కొక్కేనికి మిగతాదంతా వేలాడుతుంది. తెలుగు అలవాటుతో చదివే కన్ను ఆ కొక్కెం దగ్గర వాక్యం అయిపోయిందనుకొని పొరబడుతుంది. ముందు కర్తను, దాని అసలు క్రియను గీత గీసి గుర్తించడం, ఆ తరువాతే హూ, విచ్, దట్ వెనుక ఉన్నదాన్ని చదవడం ఒక నెల సాధన చేస్తే గీత అవసరమే ఉండదు.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులను వేధించే కర్మణి వాక్యం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ‘ద సాంపుల్ వాజ్ హీటెడ్’ అన్నదానికి బడి అనువాదం ‘నమూనా వేడిచేయబడినది’. ఇలా తెలుగులో ఎవరూ మాట్లాడరు, కనుక విద్యార్థికి ఇంగ్లీషు రూపం కూడా కృత్రిమమనిపిస్తుంది. నిజానికి దీనికి సరిపోయే తెలుగు ‘నమూనాను వేడిచేశారు’. ఎవరు చేశారో చెప్పలేదు, చెప్పనక్కరలేదు. పెళ్ళి పత్రిక పంచారు, నీళ్ళు వదిలారు, రోడ్డు తవ్వారు అని రోజూ కర్తను మింగి మాట్లాడే తెలుగువారికి కర్మణి ప్రయోగం ఎందుకున్నదో ఒకరు నేర్పనక్కరలేదు.

ఏ, ద అన్న చిన్న మాటల మీద తెలుగు విద్యార్థులు పడే బాధ పెద్దది. తెలుగులో వాటికి సమానమైన మాటలు లేవంటారు. పూర్తిగా నిజం కాదు. అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఇద్దరు భార్యలు అని కథ చెప్పే అవ్వ మొదటిసారి ‘ఒక’, రెండవసారి ‘ఆ’ అంటుంది. కొత్తగా సభలోకి వచ్చినవానికి ఏ, పరిచయమైనవానికి ద. అన్ని సందర్భాలకూ ఈ సూత్రం చాలదు గాని వ్యాసంలోని సగం తప్పులను ఇది తీరుస్తుంది. ఇక ‘ఐ యామ్ హేవింగ్ టూ సిస్టర్స్’ వంటివి దక్షిణాది అంతటా వినిపించేవే; మాటలో ఎవరూ పట్టించుకోరు, పరీక్ష పత్రంలో పట్టుకుంటారు. ‘డౌట్’ అన్న మాట కూడా అంతే. మన తరగతుల్లో డౌట్ అంటే అడగవలసిన ప్రశ్న. ఇతర దేశాల అధ్యాపకుడికి అది అపనమ్మకంలా వినిపిస్తుంది. ‘ఐ హావ్ ఏ క్వశ్చన్’ అంటే ఇద్దరికీ క్షేమం.

‘అట’ అన్న రెండక్షరాల విలువ

విద్యాసంబంధ రచనలో అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడేది ఎంత నమ్మకంతో చెప్పాలి అన్న కొలత. కళ్ళారా చూసినది, ఒకరు చెప్పగా విన్నది, ఊహించినది ఒకే గొంతుతో రాస్తే అధ్యాపకుడు పక్కన ఎర్ర గీత గీస్తాడు. ఆశ్చర్యమేమంటే, ఈ విషయంలో తెలుగు ఇంగ్లీషు కంటే కచ్చితమైన భాష. ‘వాడు వచ్చాడు’ అన్నవాడు చూశాడు. ‘వాడు వచ్చాడట’ అన్నవాడు విన్నాడు. ఈ ‘ట’ను తెలుగు పిల్లవాడు చిన్నతనంలోనే వాడతాడు. అదే పిల్లవాడు పద్ధెనిమిదేళ్ళకు ఇంగ్లీషు వ్యాసం రాసేటప్పుడు ఆ ‘ట’ను ఎక్కడో పారేసుకుంటాడు. పుస్తకంలో చదివినది, ఎవరిదో అభిప్రాయం, తన ఊహ అన్నీ తానే చూసినట్టు రాసేస్తాడు. ఇంగ్లీషులో ‘అట’ లేదు గనుక దాని పనిని వేరే మాటలతో చేయించుకోవాలి. ‘ఎకార్డింగ్ టు’ అంటే ఫలానివారు చెప్పారట. ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ అంటే అంటారట. ‘ద ఫిగర్స్ సజెస్ట్’ అంటే అంకెలు చూస్తే అనిపిస్తోంది. ‘మే’ అంటే కావచ్చు. ‘టెండ్ టు’ అంటే సాధారణంగా అలా జరుగుతుంది, ప్రతిసారీ కాదు.

ఇతరుల వాక్యాలను పేరు చెప్పకుండా తన వ్యాసంలో దించుకోవడాన్ని కళాశాలలు ఇప్పుడు తీవ్రంగా పరిగణిస్తున్నాయి. చాలామంది విద్యార్థులు దొంగతనం ఉద్దేశంతో ఆ పని చేయరు. పుస్తకంలో ఉన్నదాన్ని ఉన్నట్టు అప్పగించడమే చదువని బడిలో అలవాటుపడ్డారు. ‘ట’ పోయిన చోటల్లా ఒకరి పేరు పోయినట్టేనని గుర్తుంటే ఈ చిక్కు చాలావరకు రాదు.

బెంగళూరు ప్రయోగం, రైళ్ళ పట్టిక

ఇంగ్లీషును నియమాలు వల్లెవేయించి నేర్పడం కంటే, ఆలోచించవలసిన పని ఒకటి అప్పగించి ఆ పనిలో భాష దానంతట అది పట్టుబడేలా చేయవచ్చని నిరూపించడానికి పూనుకున్న ప్రసిద్ధ ప్రయోగం ఇక్కడికి రైలు దూరంలోనే జరిగింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో బెంగళూరులోని ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ ఆధారంగా దక్షిణ భారతంలోని కొన్ని సాధారణ బడుల్లో దానిని నడిపారు. ప్రపంచవ్యాప్తంగా భాషాబోధన గ్రంథాల్లో అది ‘బెంగళూరు ప్రాజెక్టు’గా ప్రసిద్ధం, దాని మీద ప్రభు రాసిన పుస్తకం 1987లో వెలువడింది. ఉపాధ్యాయుడు రైళ్ళ పట్టికో, పటమో ఇచ్చి ప్రశ్నలు అడిగేవాడు. ఒకటి తరగతి అంతటితో కలిసి చేసేది, అటువంటిదే మరొకటి విద్యార్థి ఒంటరిగా చేసేది. దృష్టి అంతా జవాబు మీద, అది ఎలా వచ్చిందన్న తర్కం మీద. వ్యాకరణం పేరు ఎత్తేవారు కాదు. ఆ పద్ధతి సంపూర్ణమా కాదా అన్న వాదం పండితుల్లో ఇంకా తెగలేదు. ఇంట్లో సాధన చేయడానికి మాత్రం దీనికంటే తేలికైన దారి కనిపించదు.

రోజూ మారికుప్పం, కోరమాండల్, ఊరిగాం స్టేషన్లలో రైలెక్కే విద్యార్థి చేతిలో పట్టిక ఉండనే ఉంటుంది. బెంగళూరులో తొమ్మిదిన్నరకు పరీక్ష. ఏ బండి ఎక్కాలి? అది తప్పితే బంగారపేటకు బస్సులో వెళ్ళి అక్కడ మరో బండి అందుకోవచ్చునా? రెండింటిలో ఏది నమ్మదగినది, ఎందుకు? ఈ ‘ఎందుకు’కు ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాస్తే బికాజ్, దేర్‌ఫోర్, అన్‌లెస్, వేర్‌యాజ్, ఆల్దో అన్నీ పనికి వస్తాయి. వ్యాసానికి ఎముకలు ఈ మాటలే. మరునాడు రైలుకు బదులు పాఠంలోని అంశం తీసుకోవచ్చు. ద్రవ్యోల్బణానికి రెండు కారణాలలో ఏది బలమైనది, ఎందుకు?

ఇంట్లోవారు ఏమి చేయగలరు

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు ఈ విషయంలో తాము చేయగలిగినది లేదనుకుంటారు. డబ్బు కట్టి స్పోకెన్ ఇంగ్లీషు తరగతిలో చేర్పించి ఊరుకుంటారు. ఆ తరగతులు సంభాషణకు పనికివస్తాయి. ప్రశ్నపత్రంలోని ‘అకౌంట్ ఫర్’కు అవి జవాబు కావు.

ఇంటి నుంచి అందే సాయం మరొక రూపంలో ఉంటుంది. గనుల దేశమే అయిన వేల్సులో సెన్ విలియమ్స్ అనే విద్యావేత్త 1994లో ఒక పద్ధతికి పేరు పెట్టాడు. ఇంగ్లీషులో చదివినదాన్ని వెల్షులో చర్చించడం, వెల్షులో విన్నదాన్ని ఇంగ్లీషులో రాయడం. ఒక భాషలోనిది మరొక భాషలో చెప్పాలంటే అర్థం కాకుండా కుదరదు. బట్టీ పట్టినది అక్కడే బయటపడుతుంది. దీనిని తెలుగింట అమలుచేయడానికి పుస్తకాలు కూడా అక్కరలేదు. రాత్రి అన్నాల దగ్గర ‘ఈ రోజు ఏమి చెప్పారమ్మా’ అని తల్లి అడగాలి. కూతురు తెలుగులో చెప్పాలి. చెబుతూ చెబుతూ ఆమె ఎక్కడ నసిగితే అక్కడ ఆ పాఠం అర్థం కాలేదని ఇద్దరికీ తెలిసిపోతుంది. తల్లి వేసే ‘అంటే?’ అన్న ప్రశ్న ఏ ట్యూషను మాస్టరు ప్రశ్నకూ తీసిపోదు. చెప్పడం అయ్యాక, అదే సంగతిని ఆరు వాక్యాల్లో ఇంగ్లీషులో రాసుకోవాలి. తరగతిలో రాసుకునే నోట్సులోనూ తెలుగు, కన్నడ మాటలు దొర్లితే సిగ్గుపడనక్కరలేదు. అధ్యాపకుని వేగాన్ని అందుకోవడం అప్పటి అవసరం. శుభ్రప్రతి సాయంత్రం రాసుకోవచ్చు.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడదామన్న నిర్ణయం కొన్ని కుటుంబాల్లో కనిపిస్తుంది. దాని వల్ల పిల్లలకు దొరికేది తల్లిదండ్రుల అరకొర ఇంగ్లీషు. పోయేది తల్లిదండ్రుల నిండైన తెలుగు. బేరం లాభసాటిది కాదు.

సాధన

కింది మూడు తెలుగు వాక్యాలను ఇంగ్లీషులో రాయండి. మూడింటిలోనూ నమ్మకపు కొలత వేరు. ఇంగ్లీషులో కూడా అది వేరుగానే కనబడాలి. ‘కోలారు ప్రాంతంలో పూర్వం రాజుల కాలంలోనే బంగారం తవ్వారట.’ ‘గనులు 2001లో మూతపడ్డాయి.’ ‘ఊరి నుంచి వలసలు పెరగడానికి ఆ మూసివేత ఒక కారణం కావచ్చు.’

మొదటిదానికి ‘ఇట్ ఈజ్ సెడ్ దట్ గోల్డ్ వాజ్ మైన్డ్ ఇన్ ద కోలార్ రీజియన్ అండర్ ద ఏన్షెంట్ కింగ్స్’ అని రాయవచ్చు. ‘అట’, కర్త లేని ‘తవ్వారు’ రెండూ నిలిచాయి. రెండవదానికి ‘ద మైన్స్ క్లోజ్డ్ ఇన్ 2001’ చాలు. తేదీ తెలిసిన నిజానికి అలంకారం అక్కరలేదు. మూడవదానికి ‘ద క్లోజర్ మే హావ్ బీన్ వన్ ఆఫ్ ద రీజన్స్ ఫర్ ద రైజ్ ఇన్ మైగ్రేషన్’. ఇందులో ‘మూసివేత’ క్లోజర్‌గా, ‘పెరగడం’ రైజ్‌గా, ‘కావచ్చు’ మే హావ్ బీన్‌గా మారాయి. ‘క్లోజర్’ ముందు ‘ద’ ఎందుకు వచ్చిందో, ‘మైగ్రేషన్’ ముందు ఏదీ ఎందుకు రాలేదో ఇంట్లో ఒకరికి తెలుగులో చెప్పి చూడండి.